బంగారం నిజమే... మరి నాణెం?

పాత బంగారు నాణెం చేతికి వస్తే మన ఇళ్లల్లో మొదట చేసే పని కంసాలి దగ్గరికి తీసుకెళ్లడం. ఆయన గీటురాయి మీద ఓ గీత గీసి, యాసిడ్ చుక్క వేసి చూసి, "బంగారమేనండీ, ఇరవై రెండు క్యారెట్లు ఉంటుంది" అంటాడు. దాంతో అందరి గుండెలూ కుదుటపడతాయి. నాణెం బీరువాలోకి వెళ్లిపోతుంది.

కంసాలి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే మనం అడగాల్సిన ప్రశ్నలు రెండు, ఆయన జవాబు చెప్పింది ఒక్కదానికే. ఇది దేనితో చేశారు అన్నది మొదటి ప్రశ్న. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది రెండోది. వేలంలో పాత నాణెం కొన్నప్పుడు మనం కట్టే డబ్బులో కొంత బంగారానికి, మిగతాది ఆ రెండో ప్రశ్నకి. అరుదైన నాణెం అయితే పెద్ద వాటా రెండో ప్రశ్నదే. అంటే మొదటి ప్రశ్నకి జవాబు "అవును" అయినా, రెండోదానికి "కాదు" అయితే డబ్బు మునిగినట్టే.

నేను ఈ గొడవలో దూరింది మా బాబాయి వల్ల. ఆయన తణుకులో ఉంటాడు. ఈమధ్య ఒక ఆన్‌లైన్ వేలంలో రెండు నాణేలు కొన్నాడు. ఒకటి 1918 నాటి బొంబాయి సావరిన్, రెండోది శ్రీకృష్ణదేవరాయల వరహా అని కేటలాగులో రాసింది. రెండింటికీ కొక్కేలు వేయించి చెల్లి పెళ్లికి కాసుల పేరులో పెట్టించాలని ఆయన ఆలోచన. "ఒరేయ్, మెటలర్జీ చదువుతున్నావు కదా, కంసాలికి ఇచ్చేలోపు ఇవి అసలో నకిలీయో చూసి చెప్పు" అన్నాడు. వేలం షరతుల్లో ఒక లైను ఉంది: నాణెం నకిలీ అని నిపుణుడి రాతపూర్వక అభిప్రాయంతో 21 రోజుల్లో చెబితే డబ్బు వాపసు. ఆ తర్వాత ఏమన్నా వినరు. కొక్కెం అతికించాక అసలే వినరు.

ఆ 21 రోజుల్లో నేను చదివిందీ, చేసిందీ, పెద్దవాళ్లని అడిగి తెలుసుకుందీ వరసగా రాస్తున్నాను.

ముందు మూడు కొలతలు

మిషను మీద ముద్రించిన నాణేలతో ఒక సుఖం ఉంది. వాటికి స్పెసిఫికేషన్ ఉంటుంది. సావరిన్ బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం సుమారు 1.52 మిల్లీమీటర్లు, బంగారం 22 క్యారెట్లు. అందులో ఉండే శుద్ధ బంగారం 7.32 గ్రాములు. మన గోదావరి జిల్లాల్లో "కాసు బంగారం" అంటే 8 గ్రాములు అనే లెక్క కూడా ఈ నాణెం బరువుకి దగ్గరే.

ఈ మూడు కొలతలూ కలిపి చూడటంలోనే కిటుకు ఉంది. ఎవరో ఇత్తడితో ఇదే సైజులో నాణెం చేసి పైన బంగారం పూత పూశారనుకుందాం. సావరిన్ ఘనపరిమాణం సుమారు 0.453 ఘన సెంటీమీటర్లు. ఇత్తడి డెన్సిటీ 8.5 దాకా ఉంటుంది. కాబట్టి ఆ నకిలీ బరువు 3.85 గ్రాములే వస్తుంది. సీసం వాడినా (డెన్సిటీ 11.34) 5.14 గ్రాములు దాటదు. బరువు సరిపెట్టాలంటే మందం పెంచాలి, మందం పెంచితే వెర్నియర్ పట్టేస్తుంది. చవక నకిలీలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

వాడి అరిగిన నాణెం కొంచెం తేలిగ్గా ఉంటుంది, అది సహజం. బ్రిటిష్ వాళ్లు దానికీ ఒక హద్దు పెట్టారు. 7.938 గ్రాముల కంటే తగ్గిన సావరిన్ చెలామణికి పనికిరాదు. బాబాయి నాణెం 7.97 గ్రాములు తూగింది, పాసే. అసలు నాణెం బరువు పెరగడానికి మాత్రం దారి లేదు. స్టాండర్డు కంటే స్పష్టంగా ఎక్కువ తూగితే వెంటనే అనుమానించాలి. గతంలో కొక్కెం ఉండి తీసేస్తే మిగిలిపోయిన టంకం కూడా బరువు పెంచొచ్చు, అది అంచు మీద కనపడుతుంది.

ఒక జాగ్రత్త. 22 క్యారెట్ల బంగారం మెత్తన. ఉక్కు వెర్నియర్ దవడలు నేరుగా ఆనిస్తే గీత పడుతుంది. ప్లాస్టిక్ వెర్నియర్ వాడండి, లేదా మధ్యలో పల్చటి కాగితం పెట్టి దాని మందం తీసేయండి. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తాలి.

హాస్టల్ గదిలో ఆర్కిమెడిస్

ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం మొదటిసారి నాకు పనికొచ్చింది ఇక్కడే. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు, గ్లాసుడు నీళ్లు, దారం ఉంటే చాలు.

గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. ఇప్పుడు త్రాసు చూపించేది నాణెం బరువు కాదు. నాణెం ఎంత నీటిని పక్కకి తోసిందో ఆ నీటి బరువు. నీళ్లు నాణేన్ని పైకి నెడితే, నాణెం నీళ్లని అంతే బలంతో కిందికి నెడుతుంది కదా, త్రాసుకి తెలిసేది ఆ బలమే. నీటి డెన్సిటీ ఇంచుమించు 1 కాబట్టి ఆ అంకె నేరుగా ఘన సెంటీమీటర్లలో నాణెం ఘనపరిమాణం. మామూలు బరువుని దానితో భాగిస్తే డెన్సిటీ వచ్చేస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, అందుకని నీళ్లలో ఒక్క చుక్క అంట్లు తోమే లిక్విడ్ కలిపితే మంచిది.

నాకు వచ్చిన రీడింగు 0.45. 7.97ని 0.45తో భాగిస్తే 17.7. మరి రావాల్సింది ఎంత? శుద్ధ బంగారం డెన్సిటీ 19.3, రాగిది 8.96. బరువులో 91.67 శాతం బంగారం, మిగతాది రాగి అనుకుని లెక్కేస్తే 17.6 వస్తుంది. సంబరపడొచ్చు.

కానీ ఇంజినీరింగ్ వాళ్లం, ఎర్రర్ లెక్కేయకుండా సంబరపడకూడదు. త్రాసు 0.01 అటూ ఇటూ తప్పు చెప్పొచ్చు. 0.46 అయితే డెన్సిటీ 17.3, 0.44 అయితే 18.1. అంటే నేను నిజాయితీగా చెప్పగలిగింది "17.3కీ 18.1కీ మధ్య" అని మాత్రమే. రాగి కలిపిన 18 క్యారెట్ల బంగారం 15 దగ్గర వస్తుంది కాబట్టి అది కాదని తేలిపోయింది. రాగి కలిపిన 21 క్యారెట్లు 16.9 దగ్గర వస్తుంది, అదీ కాదు. కానీ రాగి బదులు వెండి కలిపిన 21 క్యారెట్ల బంగారం? వెండి డెన్సిటీ 10.5. లెక్కేస్తే 17.5 వస్తుంది. సరిగ్గా మన రేంజిలోనే! అంటే ఏం కలిపారో తెలియకుండా డెన్సిటీ ఒక్కటే చూసి క్యారెట్ చెప్పలేం. రంగు కొంత సాయం చేస్తుంది. రాగి కలిపితే ఎరుపు ఛాయ, వెండి కలిపితే లేత పసుపు ఛాయ. కానీ కంటికి తోచిన రంగుని రుజువు అనలేం.

ఇంకా పెద్ద చిక్కు చిన్న నాణేలతో. విజయనగరం వరహా సుమారు 3.4 గ్రాములు ఉంటుంది. దాని ఘనపరిమాణం 0.19 దగ్గర. అదే త్రాసుతో కొలిస్తే డెన్సిటీ 17 కావచ్చు, 18.9 కూడా కావచ్చు. ఇక దక్షిణాదిలో ఒకప్పుడు విరివిగా తిరిగిన బంగారు పణం అర గ్రాము కూడా ఉండదు. దాన్ని ముంచితే త్రాసు 0.02 చూపిస్తుంది, అందులో సగం తప్పే ఉండొచ్చు. అక్కడ ఈ పరీక్ష చేసినా చేయకపోయినా ఒకటే. కనీసం 0.001 గ్రాము చూపించే ల్యాబ్ త్రాసు కావాలి. వరహాకి నేను మా డిపార్ట్‌మెంట్ త్రాసే వాడాను.

"టంగ్‌స్టన్ పెడితే డెన్సిటీ కూడా సరిపోతుంది కదా" అని మా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్న. టంగ్‌స్టన్ డెన్సిటీ 19.25, శుద్ధ బంగారంతో దాదాపు సమానం. అందుకే ఆ మోసం 24 క్యారెట్ల బిస్కెట్లలో భయపెడుతుంది. కానీ మన సావరిన్‌కి కావాల్సింది 17.6. పైగా టంగ్‌స్టన్ చాలా గట్టిది, 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. దాని మీద డైతో సన్నటి బొమ్మ కొట్టడం బంగారం మీద కొట్టినంత తేలిక కాదు. పాత చిన్న నాణేల విషయంలో అది అంత పెద్ద బెడద కాదు.

అయస్కాంతం, యాసిడ్, ఎక్స్‌ఆర్‌ఎఫ్

అయస్కాంతానికి అతుక్కుంటే నకిలీ, నిజమే. అతుక్కోకపోతే అసలు అనుకోవడానికి లేదు. ఇత్తడి, రాగి, సీసం, వెండి ఏవీ అతుక్కోవు. ఆ పరీక్ష ఇనుమూ నికెలూ ఉన్నవాటిని ఏరేయడానికే.

గీటురాయి మన పాత టెక్నాలజీ, భాషలోకి కూడా ఎక్కేసింది. రాయి మీద గీసిన గీతని తెలిసిన క్యారెట్ ముక్క గీసిన గీతతో పోల్చి, యాసిడ్‌కి ఏది ఎంత నిలబడుతుందో చూస్తారు. అనుభవం ఉన్న కంసాలి కన్ను దీంట్లో బాగా పనిచేస్తుంది. కాకపోతే నాణేన్ని రాయి మీద రుద్దాలి. నగకి ఫరవాలేదు గానీ, పాత నాణెం అంచు మీద ఆ గీత కనపడితే సేకరించేవాళ్లు ధర తగ్గించేస్తారు. పూత మందంగా ఉంటే గీటు పడేది పూతే. కాబట్టి వేలం నాణేనికి ఇది వద్దు. ఇంట్లో యాసిడ్ పెట్టుకుని ప్రయోగాలు అసలే వద్దు.

ఇప్పుడు పెద్ద నగల షాపుల్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ ఉంటోంది. ఎక్స్‌కిరణాలు పంపితే ఒక్కో లోహం తనదైన శక్తితో కిరణాలు తిరిగి పంపుతుంది, దాన్నిబట్టి ఏ లోహం ఎంత శాతమో నిమిషంలో చెప్పేస్తుంది. గీత పడదు, మచ్చ పడదు. కానీ బంగారంలో అది చూడగలిగే లోతు పది మైక్రాన్ల చుట్టుపక్కల మాత్రమే. సావరిన్ మందం 1520 మైక్రాన్లు. అంటే మిషన్ చెప్పేది పైపొర సంగతి. ఇంకో మెలిక ఏమిటంటే, చాలాకాలం మట్టిలో ఉన్న నాణేల పైపొరలోంచి రాగీ వెండీ కొంత కరిగి పోతాయి. అప్పుడు పైన బంగారం శాతం లోపలికంటే ఎక్కువ చూపిస్తుంది.

అందుకని ఎక్స్‌ఆర్‌ఎఫ్‌నీ డెన్సిటీనీ జంటగా వాడాలి. ఒకటి పైపొర గురించి చెబుతుంది, ఇంకొకటి మొత్తం గురించి చెబుతుంది. రెండూ ఒకే మాట చెబితే లోహం విషయంలో నిశ్చింత. బాబాయి నాణేలు రెండూ ఈ జంట పరీక్షలో నిలబడ్డాయి. సావరిన్ బంగారమే. వరహా కూడా మంచి బంగారమే.

"ఇంకేం, కంసాలికి ఇచ్చేద్దాం" అన్నాడు బాబాయి. "ఆగు బాబాయ్, సగమే అయింది" అన్నాను.

నిజమైన బంగారంతో నకిలీ ఎందుకు చేస్తారు?

బంగారమే వాడితే వాళ్లకేం మిగులుతుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. నాణెం ధరకీ అందులోని బంగారం ధరకీ మధ్య తేడా ఉన్నప్పుడల్లా మిగులుతుంది.

దీనికి పేరుపడ్డ ఉదాహరణ సావరినే. లండన్ టంకశాల 1917 తర్వాత సావరిన్ల ముద్రణ ఇంచుమించు ఆపేసింది. కానీ మధ్యప్రాచ్యంలో, మధ్యధరా తీరంలో జనానికి ఆ నాణెం మీద నమ్మకం పోలేదు. లోపలి బంగారం విలువ కంటే ఎక్కువిచ్చి కొనేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ గిరాకీని చూసి నకిలీ సావరిన్లు కుప్పలుగా తయారయ్యాయి. వాటిలో చాలావాటిలో బంగారం సరిగ్గానే ఉండేది! బ్రిటన్ 1957లో మళ్లీ సావరిన్లు ముద్రించడం మొదలుపెట్టడానికి ఈ నకిలీల బెడద ఒక కారణం. అరుదైన సంవత్సరాలకైతే ఈ జబ్బు ఇంకా ఎక్కువ. లండన్‌లో ముద్రించిన 1917 సావరిన్ దొరకడం కష్టం, అందుకే దానికి నకిలీలూ ఎక్కువ.

ఇంకా వెనక్కి వెళ్తే జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) కనిపిస్తాడు. పురాతన గ్రీకు, రోమన్ నాణేలకి తనే స్వయంగా డైలు చెక్కి, అసలు లోహంతోనే నాణేలు కొట్టేవాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజను, జిడ్డు కలిపిన పెట్టెలో వేసి, ఆ పెట్టెని తన బండికి తగిలించి గతుకుల రోడ్ల మీద తిప్పేవాడని చెబుతారు. ఆయన నాణేలు కరిగిస్తే బంగారమే వస్తుంది. వాటిలో లేనిది చరిత్ర ఒక్కటే.

ఇలాంటి నాణేన్ని గీటురాయి, డెన్సిటీ, ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఏవీ పట్టలేవు. ఇక్కడినుంచి భూతద్దం పని మొదలవుతుంది.

పోత పోసిందా? అచ్చు కొట్టిందా?

అసలు నాణెం అచ్చు కొట్టింది. రెండు డైల మధ్య లోహపు బిళ్లని పెట్టి బలంగా కొడితే, లోహం డై గుంటల్లోకి పారుతుంది. అందువల్ల అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, నున్నటి చోట్ల సన్నటి పారుదల గీతలు వెలుగులో చక్రంలా మెరుస్తాయి. పోత పోసిన నకిలీలో లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అక్షరాలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీతో, దాన్ని రాసేసిన గుర్తో ఉంటుంది. పది రెట్లు చూపించే భూతద్దం చాలు. ఫోన్ కెమెరా జూమ్ కంటే అదే నయం.

అంచుని చాలామంది చూడరు. ఒకప్పుడు నాణేల అంచుల్ని కొద్దికొద్దిగా కత్తిరించి బంగారం, వెండి పోగేసేవాళ్లు. దాన్ని ఆపడానికే అంచు మీద గీతలు, రాతలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో 1662 నుంచి కొన్ని నాణేల అంచు మీద "అలంకారం, రక్షణ" అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు వేశారు. మన న్యూటన్ కూడా ఈ లోకంలో ఉన్నవాడే. 1696లో లండన్ టంకశాలలో ఉద్యోగంలో చేరి, విలియం చాలోనర్ అనే దొంగ నాణేలవాణ్ణి వెంటాడి 1699లో ఉరికంబం దాకా తీసుకెళ్లాడు. సావరిన్ అంచు మీది నిలువు గీతలు సమాన దూరంలో, స్పష్టంగా ఉండాలి. ఒకచోట గీతలు మాసిపోయి, రంగు తేడాగా ఉంటే అక్కడ ఒకప్పుడు కొక్కెం ఉండి తీసేశారని అర్థం. మన ఇళ్లల్లో నాణేలన్నీ కాసుల పేర్లలోకే వెళ్లేవి కాబట్టి ఇది మామూలు సంగతి. అది నకిలీ అవదు గానీ, విలువ బాగా తగ్గుతుంది.

తర్వాత రాతలు. నకిలీ చేసేవాడికి లోహం గురించి తెలిసినంతగా చరిత్ర తెలియకపోవచ్చు. మనకి అక్కడే చాన్సు.

సావరిన్‌లో ముద్రణ గుర్తు చూడాలి. బొంబాయిలో ముద్రించినదానికి గుర్రం కింద నేల గీత మీద, తేదీకి పైన, "ఐ" అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఆ బొంబాయి శాఖ సావరిన్లని 1918 తేదీతో మాత్రమే ముద్రించింది. కాబట్టి ఆ కాలపు సావరిన్ మీద వేరే సంవత్సరంతో "ఐ" గుర్తు కనిపిస్తే ఇక డెన్సిటీ కొలవక్కర్లేదు. దీనికి ఉల్టా మోసం కూడా ఉంది. అసలైన నాణెం మీద గుర్తుని చెరిపేసి, గుర్తు లేని అరుదైన టంకశాల నాణెంలా అమ్మడం. లోహం అసలే, కాలం అసలే, చెరిపిన చోటు ఒక్కటే అబద్ధం. ఆ చోట భూతద్దం పెట్టి, చుట్టుపక్కల ఉపరితలంతో పోల్చాలి.

హైదరాబాద్ నిజాముల అష్రఫీల మీద చార్మినార్ ఉంటుంది. ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్‌కి "మీమ్", ఉస్మాన్ అలీఖాన్‌కి "ఐన్". తేదీ హిజ్రీలో ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో, అంటే హిజ్రీ 1329. "మీమ్" ఉన్న నాణెం మీద 1335 అని ఉందంటే అది చేసినవాడికి అరబ్బీ అంకెలూ రావు, నిజాముల వరసా తెలియదు. బరువు కూడా చూడాలి. పూర్తి అష్రఫీ సుమారు 11.18 గ్రాములు, బ్రిటిష్ మొహర్ 11.66 గ్రాములు, అంటే పాత తులం. రెండూ ఒకటే అనుకుని చేసిన నకిలీ త్రాసు మీదే దొరికిపోతుంది.

కవలలు దొరికిన కథ

వరహాకి మాత్రం ఇలాంటి స్టాండర్డు లేదు. చేత్తో సుత్తి దెబ్బతో కొట్టినవి. ఒకదానికి బొమ్మ పక్కకి జరుగుతుంది, ఇంకోదానికి ఒక అక్షరం బిళ్ల బయటే ఉండిపోతుంది. కృష్ణదేవరాయల వరహా మీద ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండోవైపు మూడు వరసల్లో నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణ రాయ" అని ఉంటుంది. బాబాయి నాణెం మీద అన్నీ ఉన్నాయి, చదవడానికి వస్తున్నాయి కూడా.

ఇక్కడ అసలు నాణెం లక్షణం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒకే డైతో కొట్టిన రెండు నాణేల బొమ్మ ఒకటే కావచ్చు. కానీ బొమ్మ ఎటు జరిగింది, అంచు ఎక్కడ చీలింది, తర్వాత వందల ఏళ్లలో ఎక్కడ సొట్ట పడింది అనేవి ఒకటి కాలేవు. అవి ఒక్కో నాణేనికి పుట్టుమచ్చల్లాంటివి. రెండు నాణేలకి పుట్టుమచ్చలు కూడా ఒకేచోట ఉంటే, కనీసం ఒకటి ఇంకోదాని అచ్చు తీసి చేసిందే. రెండూ మూడోదాని నకళ్లు కూడా కావచ్చు.

పాత వేలాల కేటలాగులు చాలావరకు ఆన్‌లైన్లో ఫోటోలతో ఉంటాయి. రెండు రాత్రులు కూర్చుని కృష్ణదేవరాయల వరహాలు వెతికాను. మూడేళ్ల కింద వేరేచోట అమ్ముడైన ఒక నాణెం దగ్గర చెయ్యి ఆగింది. బాలకృష్ణుడు అదే దిక్కుకి, అంతే జరిగాడు. అంచు మీద చిన్న చీలిక అదే చోట. వెనకవైపు రెండో వరసలో ఒక అక్షరం మీద పడిన చిన్న సొట్ట కూడా అదే చోట. "ఇదే నాణెం మళ్లీ వేలానికి వచ్చిందేమో" అన్నాడు రూమ్మేట్. అదీ సాధ్యమే. కానీ కేటలాగులో దాని బరువు 3.41, మనది 3.36. మూడేళ్లు డబ్బాలో ఉన్న నాణెం అయిదు సెంటీగ్రాములు అరగదు. పైగా ఆ ఫోటోలో అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, మనదాంట్లో మెత్తగా ఉన్నాయి.

ఇది నా అనుమానమే తప్ప తీర్పు కాదు. ఇంజినీరింగ్ స్టూడెంట్ మాటని వేలంవాళ్లు పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. ఫోటోలు, బరువులు, ఎక్స్‌ఆర్‌ఎఫ్ కాగితం అన్నీ కలిపి దక్షిణాది నాణేలు చాలాకాలంగా చూస్తున్న ఒక పెద్దాయనకి నాణెంతో సహా చూపించాం. ఆయన భూతద్దంలో పది నిమిషాలు చూసి, పోత అని రాసి సంతకం పెట్టారు. పద్దెనిమిదో రోజున బాబాయి దాన్ని వెనక్కి పంపాడు. వేలంవాళ్లు తమ నిపుణుడితో మళ్లీ చూపించుకుని డబ్బు తిరిగిచ్చారు. సావరిన్ మాత్రం అన్నివిధాలా అసలని తేలింది, ఇంట్లోనే ఉంది.

బాబాయి ఒక్క ప్రశ్న అడిగాడు. "అదీ బంగారమే కదరా, ఉంచుకుంటే పోయేదేముంది?" ఆయన కట్టినదాంట్లో బంగారం విలువ సగం కూడా లేదు. మిగతాదంతా రాయలవారి పేరుకి కట్టినది. పోయేది అదే.

కొనేముందు, కొన్నాక

మీ ఇంట్లో ఎవరైనా వేలంలో పాత నాణెం కొనబోతుంటే ఈ మాటలు చెప్పండి.

షరతులు ముందు చదవాలి. వాపసు ఎన్ని రోజులు, ఎవరి అభిప్రాయం ఒప్పుకుంటారు, కమిషనూ పన్నూ కూడా తిరిగిస్తారా అన్నవి పాట పాడకముందే తెలియాలి. "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసిన లాటుకి వాపసు ఆశించకూడదు.

నాణెం ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఏ వేలంలో అమ్ముడైంది అనే కాగితం అడగాలి. పాత ఫోటో దొరికితే పుట్టుమచ్చలు పోల్చుకోవచ్చు.

ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి గ్రేడింగ్ చేసిన నాణెం అయితే, పెట్టె మీది నంబరుని ఆ గ్రేడింగ్ సంస్థ సైట్‌లో చూసి, అక్కడ ఫోటో ఉంటే దానితో పోల్చాలి. నాణేలకే కాదు, ఆ పెట్టెలకీ నకిలీలు ఉన్నాయి.

తోమకూడదు. చింతపండు, టూత్‌పేస్టు, షాపువాడి పాలిష్ ఏదీ వద్దు. పాత ఉపరితలమే దాని సాక్ష్యం, తోమితే సాక్ష్యం పోతుంది. కొక్కెం వేయించే ఆలోచన ఉంటే దానికి కొత్త నాణేలు కొనుక్కోండి.

"పొలంలో లంకెబిందెలు దొరికాయి, గుట్టుగా అమ్మేస్తున్నాం" అనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. పరీక్షకని ఒక అసలు కాసు ఇచ్చి, తర్వాత సంచీడు ఇత్తడి అంటగట్టడం మన ఊళ్లల్లో పాత ఎత్తు. నిజంగానే దొరికి ఉంటే ఇంకా చిక్కు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకి తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకి గిఫ్టుగా పంపుదాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చివరిగా పరీక్షల వరస. మొదట రాతలు, తేదీలు, గుర్తులు. వాటికి పైసా ఖర్చు లేదు, నాణేనికి నష్టం లేదు. తర్వాత బరువు, వ్యాసం, మందం. తర్వాత నీళ్లలో డెన్సిటీ, ఎర్రర్ లెక్కతో సహా. తర్వాత ఎక్స్‌ఆర్‌ఎఫ్. భూతద్దం అన్నిటి మధ్యలోనూ చేతిలోనే ఉండాలి. అన్నీ అయ్యాక తెలిసినవాళ్ల సంతకం. మనలో చాలామంది మొదలుపెట్టేది గీటురాయితో, ఈ వరసలో దానికి చోటే లేదు.

మా బ్రాంచివాళ్లం ఏ లోహాన్ని చూసినా "కాంపొజిషన్ ఎంత" అని అడుగుతాం. హిస్టరీ చదివేవాళ్లు "ఎవరి కాలం" అని అడుగుతారు. పాత నాణెం ఈ రెండు ప్రశ్నలకీ ఒకేసారి సరైన జవాబు చెప్పాలి. ఒక్కదానికే చెబితే అది బంగారపు ముక్క మాత్రమే, దానికి ఆ ధరే కట్టాలి.